గడప దాటిన నీళ్ళు

"తుడువు" అన్నాడు సార్జెంట్ మిల్హిమ్.

ఉమ్ ఫవ్వాజ్‌కి మొదట అర్థం కాలేదు. చేతిలో పప్పు గిన్నె పట్టుకుని గడప లోపల నిలబడిపోయింది. ఆ గిన్నె కడిగిన నీళ్ళు సన్నటి పాయగా గడప దాటి సందులోకి జారాయి. జారి, సార్జెంట్ బూటును తాకి ఆగాయి.

ఆ శరణార్థుల శిబిరంలో అది నేరం. శిబిరమంతా ఏటవాలు నేల మీద ఉంది. పల్లపు కొసన, సూర్ పట్టణం వైపు పోయే రోడ్డు మీద పోలీసు చౌకీ ఉంది. పైన ఏ ఇంట్లో నీళ్ళు పారబోసినా చివరికి చేరేది చౌకీ మెట్ల దగ్గరికే. అందుకని చట్టం పెట్టారు. వాడిన నీళ్ళు గడప దాటకూడదు. డబ్బాలో పోసుకుని, నెత్తిన పెట్టుకుని, శిబిరం అవతలి గుంట దాకా మోసుకెళ్ళి పారబోయాలి. రేకుల కప్పుకి అనుమతి లేకుండా మేకు కొట్టినా నేరమే. పత్రిక చదివినా, చెప్పకుండా పొరుగూరు పోయినా, నలుగురు ఒకచోట కూర్చున్నా నేరమే. పాలస్తీనా పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఇరవయ్యేళ్ళుగా ఇవే పాఠాలు చదువుతున్నారు.

"గుడ్డ తెస్తానుండు నాయనా" అంది ముసలామె.

"గుడ్డ నీ నెత్తి మీదే ఉందిగా."

సందులో జనం ఉన్నారు. పంపు దగ్గర్నుంచి వస్తున్న ఆడవాళ్ళు, నారింజ తోటల్లో పని దొరక్క వెనక్కి వచ్చిన మగవాళ్ళు. ఒక్కరూ కదల్లేదు. ఉమ్ ఫవ్వాజ్ తెల్ల ముసుగు విప్పింది. పల్చబడ్డ నెరిసిన జుట్టు అందరి ముందూ బయటపడింది. మోకాళ్ళ మీద కూర్చుని ముసుగుతో మట్టిలోని తడి అద్దింది. ఆమె శిబిరానికి మంత్రసాని. నిలబడి చూస్తున్నవాళ్ళలో చాలామందిని ఈ లోకంలో మొట్టమొదట పట్టుకున్నవి ఆ చేతులే.

"బూటు కూడా" అన్నాడు సార్జెంట్.

ఆమె బూటు కూడా తుడిచింది.

వస్ఫియా నెత్తిన నీళ్ళ డబ్బాతో ఇదంతా చూసింది. నారింజ తోటలో కాయలు కోసే కూలీ ఆమె. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా తమ్ముడు రిబ్హీ. అతను ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. బీరూట్‌లో ఒక పత్రికకి బొమ్మలు వేస్తాడు. కారుతున్న కప్పు బాగుచేయడానికి సెలవు పెట్టి వచ్చాడు. ఉద్రేకపడి ముందుకు దూకుతాడేమోనని వస్ఫియా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నాక తెలిసింది, ఆ చెయ్యి వణకడం లేదు. వేళ్ళు మాత్రం తొడ మీద మెల్లగా ఏదో గీస్తున్నాయి.

*

మరునాడు పొద్దున్నే రేషన్ గిడ్డంగి గోడ మీద బొమ్మ ఉంది.

గోడంత ఎత్తు ముసలమ్మ. నెత్తిన నీళ్ళ డబ్బా. ఆ డబ్బా కళ్ళను కప్పేసి ముక్కు దాకా దిగి ఉంది. డబ్బా అడుగున చిల్లు. చిల్లులోంచి ఒకే ఒక్క బొట్టు రాలుతోంది. బొట్టు కింద బూటు. బూటు పైన మనిషి లేడు. ఒక్క అక్షరం కూడా రాసి లేదు.

చదువు రానివాళ్ళకి కూడా అర్థమైంది. వాళ్ళకే ముందు అర్థమైంది.

ఆ ముసలమ్మ శిబిరానికి కొత్తది కాదు. రిబ్హీ బొమ్మలన్నిటిలోనూ ఉండేది ఆమే. ఒకసారి మంత్రిగారి విందు బల్ల పక్కన నిలబడేది, బొట్టు మంత్రి సూపులో పడేది. ఒకసారి రాజుగారి సింహాసనం పక్కన. ఒకసారి, శిబిరం పేరు చెప్పి ఊరూరా చందాలు తిన్న తమ సొంత నాయకుడి తివాచీ మీద. ఆ వారం నాయకుడి మనుషులు రిబ్హీని బీరూట్ వీధిలో పట్టుకుని పళ్ళు రాలగొట్టారు. మరుసటి వారం బొమ్మలో బొట్టు నాయకుడి నెత్తి మీదే పడింది.

పత్రిక శిబిరంలోకి రావడం నిషేధం. అయినా వచ్చేది. సూర్ రేవులో చేపలమ్మేవాడు సరిగ్గా ఆ పేజీలోనే చేపలు చుట్టి ఇచ్చేవాడు. ఆడవాళ్ళు ఇంటికొచ్చి చేపలు పక్కన పడేసి కాగితం సాపు చేసుకునేవాళ్ళు. వాసన కొడుతున్న ఆ తడికాగితం ఇల్లిల్లూ తిరిగి, నలిగి, చివరికి పొయ్యిలోకి పోయేది. ఆ సంగతి అడిగితే రిబ్హీ నవ్వేవాడు. "నా బొమ్మలు పొట్టనిండా చేపలతో ఊరేగుతున్నాయి, ఏ పెద్ద చిత్రకారుడికి దక్కుద్ది ఈ మర్యాద" అనేవాడు.

బొమ్మలోని డబ్బా ఎవరిదో వస్ఫియాకి తెలుసు. అమ్మది. సాయంగా వచ్చిన నూనె డబ్బా అది. అడుగున చిల్లు పడితే అమ్మ సబ్బుముక్క నొక్కి పూడ్చేది. ఎండకి సబ్బు కరిగి బొట్టు బొట్టుగా కారేది. వరసలో అమ్మ వెనకాల నిలబడ్డ చిన్న రిబ్హీ, దుమ్ములో పడ్డ ఒక్కో బొట్టు చుట్టూ పుల్లతో గీత గీసేవాడు. వాడి మొదటి బొమ్మలవి. అమ్మ ఆ వరసలోనే ఒకరోజు కూలిపోయింది. డబ్బా దొర్లుకుంటూ చౌకీ దాకా పోయింది.

"తారుతో వేశావు కదరా?" అంది వస్ఫియా, గోడ చూసి వచ్చి.

రిబ్హీ అప్పటికే కప్పు మీద ఉన్నాడు. రేకు చిల్లుల మీద తారు పూస్తున్నాడు.

"బొగ్గుతో వేస్తే తుడిచేస్తారు అక్కా."

"ఈ శీతాకాలం శిబిరం మొత్తానికి తారు కొనడానికి అనుమతి ఎవరికిచ్చారో తెలుసా నీకు? నా ఒక్కదానికి. ఆ చౌకీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్నా. వాళ్ళు మొదట వచ్చేది ఎక్కడికి?"

పైన తారు పూత ఆగింది. రిబ్హీకి ఆ సంగతి తట్టనే లేదు. బీరూట్‌లో ఎవడు ఎంత తారు కొన్నా అడిగేవాడు లేడు. పట్నం నీళ్ళు పడి, శిబిరంలో తారుకి కూడా చౌకీ ముద్ర కావాలన్న మాట మర్చిపోయాడు.

"పో. బస్సు దొరుకుద్ది ఇంకా."

"ఒక్క చిల్లు మిగిలిందే. వానొస్తే సరిగ్గా నీ పక్క మీదే కారుద్ది."

ఆ చిల్లు పూడ్చేలోపే వాళ్ళు వచ్చారు. సార్జెంట్ మిల్హిమ్ తారు డబ్బాలోకి తొంగి చూశాడు. పైకి చూశాడు.

"దిగు."

"ఒక్క నిమిషం సార్" అన్నాడు రిబ్హీ. చిల్లు మీద తారు పూసి, గుడ్డ అద్ది, అరచేత్తో నొక్కి, అప్పుడు దిగాడు. రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. వాటిని దాచుకోలేదు.

*

చౌకీలో లెఫ్టినెంట్ మర్యాదస్తుడు. వస్ఫియాకి కుర్చీ వేయించాడు. కాఫీ తెప్పించాడు. పట్నంలో పెద్ద కుటుంబం. తోటల యజమాని బేగ్ గారికి దగ్గరి బంధువు. చేతిగోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"మీ తమ్ముడు మంచి కళాకారుడమ్మా. నేనూ మెచ్చుకుంటాను. కానీ చూడండి, గోడ పాడుచేశాడు. మీరే సున్నం కొట్టేయండి, సరిపోతుంది."

"కొడతాను."

"ఇంకొక్కటి. అతను ఒక బొమ్మ గీయాలి. ఆ డబ్బా ముసలమ్మ డబ్బా కిందికి దించి, చౌకీ ముందు నిలబడి చేతులు జోడిస్తున్నట్టు. వాళ్ళ పత్రికలోనే వేయిస్తాం. ఆ సాయంత్రమే ఇంటికొచ్చేస్తాడు."

"వాడేమన్నాడు?"

"మీరొకసారి చెప్పి చూడండి" అన్నాడు లెఫ్టినెంట్, కాఫీ కప్పు ఆమె వైపు జరుపుతూ.

ఆమె ముందు సున్నం పని చేసింది. జనమంతా చూస్తుండగా నిచ్చెన వేసుకుని, తమ్ముడు గీసిన అమ్మను తన చేత్తో చెరిపేసింది. తరువాత వాళ్ళే పంపు దగ్గర చోటిచ్చి పక్కకి జరిగారు. తిట్టినా బాగుండేదనిపించింది.

మరునాడు ఎండెక్కేసరికి సున్నం మీద పసుపుమరక పొడిచింది. మధ్యాహ్నానికి అది ముదురు గోధుమ రంగు డబ్బా అయింది. సాయంత్రానికి బొట్టు కూడా కనపడింది. తారు మీద సున్నం నిలవదు. వేడికి తారు సున్నాన్ని తాగేసి పైకి వస్తుంది.

లెఫ్టినెంట్‌కి ఆ సంగతి తెలియదు. ఎవడో వచ్చి మళ్ళీ గీస్తున్నాడనుకున్నాడు. గోడ దగ్గర కాపలా పెట్టాడు. వస్ఫియా మళ్ళీ సున్నం కొట్టింది. కాపలావాడి కళ్ళ ముందే ముసలమ్మ మళ్ళీ వచ్చింది. కాపలావాడిని చెంపదెబ్బ కొట్టి ఇంకొకడిని పెట్టారు. ముసలమ్మ అతని ముందు కూడా వచ్చింది. గోడ కూల్చేద్దామంటే గిడ్డంగి వాళ్ళది కాదు, సాయమిచ్చే విదేశీయులది.

ఇరవయ్యేళ్ళలో మొదటిసారి శిబిరం చౌకీని చూసి నవ్వింది. మొదట నోటికి ముసుగు అడ్డం పెట్టుకుని. తరువాత అడ్డం లేకుండా.

"పిన్నీ, ఇంకో పూత వెయ్యి" అంది నుహా, నిచ్చెన కింద నిలబడి. ఉమ్ ఫవ్వాజ్ మనవరాలు, సూర్‌లో చదువుతోంది. "పూత పూతకీ అవ్వకి వయసు తగ్గుతోంది."

వస్ఫియాకి నవ్వు రాలేదు. గోడ మీద బొమ్మ బయటపడ్డ ప్రతిసారీ చౌకీ లోపల ఎవరి మీద దెబ్బ పడుతుందో ఆమెకి తెలుసు.

*

రిబ్హీని చూడనిచ్చారు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పెదవి చిట్లింది. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. బల్ల మీద తెల్లకాగితం, పెన్సిలు. కాగితం మీద గీత లేదు.

"కప్పు కారుతోందా?" అన్నాడు.

"లేదు."

"అయితే పని బాగానే చేశానన్నమాట."

"గీసెయ్యరా" అంది వస్ఫియా. "ఒక్క బొమ్మే కదా. కాగితం మీద నాలుగు గీతలు. బయటికొచ్చి నీ ఇష్టమొచ్చినట్టు వంద గీసుకో."

"ఎవరి చేత దణ్ణం పెట్టించమంటున్నారో తెలుసా నీకు?"

"తెలుసు. అమ్మ చేత. అమ్మ చచ్చిపోయింది. నువ్వు బతికున్నావు."

రిబ్హీ పెన్సిలు వేలితో దొర్లించాడు. "అమ్మ ఒక్కతే అయితే గీసేవాణ్ణేమో అక్కా. అమ్మని బతిమాలుకునేవాణ్ణి, తిట్టేది, తర్వాత ఊరుకునేది. కానీ రోజూ పంపు దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు? ఆ డబ్బా కింద ముఖం లేనిది ఎందుకు? ఎవరొచ్చి నిలబడితే వాళ్ళ ముఖం. వాళ్ళందరి తరఫునా నేనెట్లా దణ్ణం పెడతాను? నాకెవరిచ్చారు ఆ హక్కు?"

"నాకు తమ్ముడు కావాలి. ఈ మాటలు నాకొద్దు."

"తెలుసు."

"మొండివాడివి. మీ నాన్నలాగే."

"మన నాన్న."

"ఆయనకీ నాకూ సంబంధం లేదు" అంది వస్ఫియా. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. చిట్లిన పెదవి నొప్పికి రిబ్హీ నవ్వు సగంలో ఆపేశాడు.

ఆమె బయటికొచ్చాక చాలా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

*

శిబిరంలో నలుగురు కూర్చోవాలంటే ఎవరైనా చచ్చిపోవాలి. చావింటికి మాత్రం అనుమతి అక్కర్లేదు. పరామర్శకి మూడు రోజులు వచ్చిపోవచ్చు.

అందుకని ఉమ్ ఫవ్వాజ్ తన చెల్లెల్ని చంపేసింది. సరిహద్దు అవతల, నజరేత్‌లో ఉన్న చెల్లెలు పోయిందని రేడియోలో కబురొచ్చిందని చెప్పింది. ఇలాంటి కబుర్లు రేడియోలోనే వస్తాయి గనుక చౌకీ నమ్మింది.

"పాపం, ఆమె బతికే ఉంది కదా నానమ్మా" అంది నుహా.

"ఎప్పుడన్నా కలిస్తే క్షమాపణ అడుగుతాలే. చేదుకాఫీ కలుపు. చక్కెర వేశావంటే చావిల్లంటే ఎవడూ నమ్మడు."

మగవాళ్ళు బయటి గదిలో, ఆడవాళ్ళు లోపలి గదిలో కూర్చున్నారు. నుహా మధ్యలో ఉన్న తెర లాగేసింది. ఎవరూ కాదనలేదు. సందులో బూట్ల చప్పుడైనప్పుడల్లా ముసలి షేక్ మర్‌జూక్ గొంతెత్తి ఖురాన్ చదివేవాడు, ఆడవాళ్ళు శోకం పెట్టేవాళ్ళు. చప్పుడు దాటిపోగానే వాదన ఆగినచోటే మళ్ళీ మొదలయ్యేది.

పరామర్శ అనగానే కూలీల కంట్రాక్టరు అబూ రాజిహ్ కూడా వచ్చాడు. ఆపడానికి వీల్లేదు. మొదట మాట్లాడింది కూడా అతనే.

"అబ్బాయి కుర్రతనం చేశాడు. సరే. మనమంతా పోయి లెఫ్టినెంట్ గారికి ఒక మాట చెప్పుకుందాం. పెద్దమనిషి, వింటాడు. రేపు తోటలకి అనుమతి ఆపేశాడనుకోండి, ఏం తింటారు?"

"ఇప్పుడేం తింటున్నాం?" అన్నాడు అబూ దియాబ్. తోటల్లో కాలువలు తవ్వేవాడు. గొంతు బండ. "పట్నపు కూలికి ఇచ్చేదాంట్లో సగం మాకు పారేస్తావు. అడిగితే పొమ్మంటావు. ఎక్కడికి పోతాం? చౌకీ ముద్ర లేందే రోడ్డు దాటలేం. చౌకీ మమ్మల్ని కట్టేస్తే నీ బేగ్ పాలు పితుక్కుంటున్నాడు. ఆ లెఫ్టినెంట్ కాపలా కాస్తోంది సందుల్లో నీళ్ళకి కాదయ్యా. మీరు నొక్కేసే సగం కూలికి."

అప్పటిదాకా నీళ్ళకీ నారింజలకీ ఉన్న ముడి ఇంత తేటగా ఎవరూ విప్పి చెప్పలేదు.

"చావింట్లో ఈ మాటలేంటి" అన్నాడు అబూ రాజిహ్.

"ఎవరూ చావలేదు, కాఫీ తాగు" అంది ఉమ్ ఫవ్వాజ్.

నుహా లేచింది. "ఒక్కొక్కరం పోతే ఒక్కొక్కరినే కొడతారు. అందరం ఒకేసారి చౌకీ మీదికి పోదాం. శిబిరమంతా."

"పోదాం" అన్నాయి గొంతులు. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు.

"నా తమ్ముడు లోపలున్నాడు" అంది వస్ఫియా.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మీరు రాళ్ళేస్తే వాడి మీద పడతాయి. మీరు నవ్వితే వాడి మీద పడుతోంది. వాడు బయటికొచ్చేదాకా నోళ్ళు మూసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటా. తర్వాత మీ ఇష్టం."

లేచిన కుర్రాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చివరికి ఉమ్ ఫవ్వాజ్ తీర్పు చెప్పింది.

"ఆమె మాటే కానివ్వండి. తమ్ముడు ఆమెవాడు." తరువాత వస్ఫియా వైపు వంగి గొంతు తగ్గించింది. "కానీ ఒకటి విను బిడ్డా. ఆరోజు సందులో వంగేముందు నేనొకసారి తలెత్తి చూశాను. ఒక్కరైనా వద్దంటారేమోనని. అందరూ నేను బొడ్డు కోసినవాళ్ళే. ఎవరూ అనలేదు. వాడొక్కడే అన్నాడు, గోడ మీద."

వస్ఫియా చేతిలో చేదుకాఫీ చల్లారిపోయింది.

శిబిరం మాట నిలబెట్టుకుంది. నవ్వులాగిపోయాయి. గోడ దగ్గరికి ఎవరూ పోలేదు. చౌకీ అడిగిందల్లా చేశారు. అంత అణకువ లెఫ్టినెంట్ కూడా ఎన్నడూ చూడలేదు.

ఆ అణకువ మధ్యలోనే రిబ్హీని చంపేశారు.

*

శవంతో వ్యాను ఉదయం ఇంటికి వచ్చింది. గుండె ఆగిందన్నారు. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, మధ్యాహ్నపు నమాజు లోపు పూడ్చేయాలన్నారు. ఊరేగింపు లేదు, పరామర్శలు లేవు. సార్జెంట్ మిల్హిమ్ ఇద్దరు జవాన్లతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

వస్ఫియా ఏడవలేదు. స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. తమ్ముడికి చివరి స్నానానికి నీళ్ళు కాచాలి, కాచింది. అమ్మ నూనె డబ్బా ఇంట్లో ఇంకా ఉంది. అందులో పోసి, వేలు ముంచి వేడి చూసింది. చిన్నప్పుడు వాడికి స్నానం చేయించేటప్పుడు అలాగే చూసేది.

కడగడానికి షేక్ మర్‌జూక్, అబూ దియాబ్ చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. కప్పిన దుప్పటి తీశారు. చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉంది.

"బయటికి పో తల్లీ" అన్నాడు షేక్. "మేం చూసుకుంటాం."

"కుడిచెయ్యి చూపించండి."

"వద్దమ్మా" అన్నాడు అబూ దియాబ్. అతను అప్పటికే చూశాడు.

ఆమె తనే చొక్కా చెయ్యి పైకి లాగింది. ఐదు వేళ్ళూ ఐదు దిక్కులకి తిరిగి ఉన్నాయి. ఎముకలు విడివిడిగా, తీరిగ్గా విరిచారు. గోళ్ళలో తారు ఇంకా పోలేదు.

అంటే తెల్లకాగితం చివరిదాకా తెల్లగానే ఉందన్నమాట.

"షేక్ గారూ" అంది వస్ఫియా. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళకి స్నానం చేయించరు కదా?"

"చేయించరు. వీరమరణానికి స్నానం లేదు. కట్టుకున్న బట్టల్లోనే, ఆ రక్తంతోనే పోవాలి. కానీ అది యుద్ధంలో అయితే..."

"ఇదేంటి మరి?" అన్నాడు అబూ దియాబ్.

గుమ్మం దగ్గర సార్జెంట్ దగ్గాడు. "షేక్ గారూ. స్నానం చేయించమని ఆర్డరు."

షేక్ మర్‌జూక్ భయస్తుడు. శిబిరమంతటికీ తెలుసు. ఇరవయ్యేళ్ళుగా చౌకీ రాసిచ్చిన ప్రసంగాలే శుక్రవారం చదివేవాడు. ఆయన సార్జెంట్ వైపు చూశాడు. ఆ వేళ్ళ వైపు చూశాడు.  వణుకుతున్న చేతులతోనే చొక్కా చెయ్యి కిందికి దించి, మణికట్టు దాకా సర్ది, తన భుజం మీది తువ్వాలు తీసేశాడు.

"నీళ్ళు తీసెయ్యండి" అన్నాడు.

సార్జెంట్ ఒక అడుగు లోపలికి వేశాడు. అబూ దియాబ్ అడ్డంగా నిలబడ్డాడు.

"నీదేవూరు సార్జెంటూ? కొండ కింద పొగాకు పండించే పల్లె కదూ? మీ నాన్న పొగాకు ఏ బేగ్ ఎంతకి కొంటాడో మాకూ తెలుసు. ఇవాళ మాత్రం మధ్యలోకి రాకు."

సార్జెంట్ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. అడుగు వెనక్కీ తియ్యలేదు.

వస్ఫియా డబ్బా నెత్తికెత్తుకుంది. వాడనివైనా పారబోసే నీళ్ళే. గుంట దాకా మొయ్యాలి. ఇరవయ్యేళ్ళ అలవాటు కాళ్ళను గుంట వైపే తిప్పింది. అడుగున చిల్లులోంచి వెచ్చటి బొట్టు ఆమె మెడ మీద పడింది. ఇంకొకటి పడింది.

గడప మీద ఆగింది. సందు నిండా జనం. కబురు తెలిసి ఆడవాళ్ళంతా పంపు దగ్గర్నుంచి నేరుగా వచ్చేశారు. అందరి నెత్తినా డబ్బాలు. డబ్బాల కింద ముఖాలు నీడలో ఉన్నాయి. ఎవరూ ఏమీ అనడం లేదు, చూస్తున్నారు. ఉమ్ ఫవ్వాజ్ తలెత్తి చూసినరోజు ఆమెకి కనపడింది ఈ ముఖాలే. తన ముఖం కూడా.

వస్ఫియా డబ్బా దించి గడప మీద వంచేసింది.

నీళ్ళు ఆవిర్లు కక్కుతూ సందులోకి దూకాయి. సార్జెంట్ బూట్ల మధ్యనుంచి పల్లానికి పరిగెత్తాయి.

"ఏయ్" అన్నాడు జవాను, తుపాకి ఎత్తుతూ.

ఎదురింటి గడప నుంచి ఒక బకెట్ నీళ్ళు వచ్చాయి. పక్కింటినుంచి ఒక గంగాళం. నుహా నెత్తి మీది డబ్బా అక్కడే వంచేసింది. ఆమె వెనకాల ఆమె, ఆమె వెనకాల ఇంకొకామె. పై సందులో వాళ్ళకి ఏం జరిగిందో కనపడలేదు, నీళ్ళు రావడం మాత్రం కనపడింది. అది చాలింది. పప్పు కడిగిన నీళ్ళు, బట్టలుతికిన సబ్బునీళ్ళు, పసిపిల్లల స్నానాల నీళ్ళు. గడప గడపా దాటి, సందు సందూ కలుపుకుని, మట్టిని కోసుకుంటూ, ఎర్రబడి, మోకాలి కింద దాకా లేచి, శిబిరం మొత్తం పల్లానికి పారింది.

జవానుకి ఎవరి మీద తుపాకి పెట్టాలో తెలియలేదు. గాల్లోకి ఒక్కసారి పేల్చాడు. నీళ్ళు ఆగలేదు.

రిబ్హీని కట్టుకున్న చొక్కాతోనే చెక్క మీద పడుకోబెట్టి అబూ దియాబ్ వాళ్ళు భుజాలకెత్తుకున్నారు. షేక్ ముందు నడిచాడు, ఇంకా వణుకుతూనే. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్న ఆచారం ఆరోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఊరేగింపు నీళ్ళలోనే నడిచింది. గిడ్డంగి గోడ ముందు ఒక్క క్షణం ఆగింది. అన్ని పూతల సున్నాన్నీ తాగేసి ముసలమ్మ నల్లగా, ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది.

శ్మశానానికి పోయే దారిలో ఉన్న చౌకీ మెట్లు, పై మెట్టు తప్ప, అప్పటికే మునిగాయి. లెఫ్టినెంట్ వసారాలోకి వచ్చి చూసి, మెట్లు దిగబోయాడు. మడమ తడిసింది. ఒక కాలు పైకెత్తి, కొంగలా నిలబడి, ఏదో ఆర్డరు ఇవ్వబోయాడు. జనాన్ని చూశాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల టెలిఫోను తిప్పుతున్న చప్పుడు బయటికి వినపడింది.

జవాన్ల లారీలు వస్తాయని అందరికీ తెలుసు. సాయంత్రానికో, అంతకు ముందో. ఈసారి బూటు తుడిపించి ఊరుకోరని కూడా తెలుసు. అబూ రాజిహ్ ఆ మాటే అరిచి చెబుతున్నాడు, ఎత్తుగా ఉన్న ఒక రాయి మీద నిలబడి, ప్యాంటు మడుచుకుని. వినేవాళ్ళు లేరు.

శవం వెనకాలే ఇక్కడి దాకా వచ్చిన సార్జెంట్ మిల్హిమ్ మెట్ల కింద ఒక్కడే మిగిలాడు. ఉమ్ ఫవ్వాజ్ అతని దగ్గరికి నడిచింది. చంకలోంచి ఒక గుడ్డ తీసింది. ఆరోజు తీసిన ముసుగే. ఉతకలేదు. మట్టి అలాగే ఎండి అట్టకట్టి ఉంది. దాన్ని జాగ్రత్తగా మడతవిప్పి, పై మెట్టు మీద పెట్టింది.

"తుడువు నాయనా" అంది.

సార్జెంట్ ముసుగు వైపు చూశాడు. మూసిన తలుపు వైపు చూశాడు. వెనకాల, శిబిరం పైభాగంలో, ఖాళీ అయిన డబ్బాల్లోకి పంపు నీళ్ళు మళ్ళీ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.